మట్టి చెంచా తరం, క్రిప్టో కల: కొరియాలో ఎవరి తప్పు ఎవరి మీద పడింది?

ఈ ఎపిసోడ్‌లో మనం దక్షిణ కొరియా వెళ్తున్నాం. కొరియా అనగానే మీకు బీటీఎస్ గుర్తొస్తుంది, సీరియల్స్ గుర్తొస్తాయి, మన పెనుకొండలో తయారయ్యే కియా కారు గుర్తొస్తుంది. ఇవాళ వాటి గురించి కాదు. ఆ దేశంలో ఒక తరం మొత్తం "మా బతుకులు ఇలా కావడానికి మీరే కారణం" అని పెద్దవాళ్ళ మీద వేలు చూపించి, క్రిప్టో చుట్టూ ఒక్కటైన కథ. ఆ వేలు చూపించడంలో నిజం ఎంత, ఆ ఒక్కటవడంలో నిజం ఎంత, అదే ఇవాళ చూద్దాం.

ముందు ఒక మాట. ఇది ఏ కాయిన్ కొనాలి, ఏది అమ్మాలి అని చెప్పే వీడియో కాదు. చరిత్ర చెప్పుకుందాం, అంతే.

కథ బిట్‌కాయిన్‌తో మొదలవ్వదు, బంగారంతో మొదలవుతుంది. 1997 చివర్లో కొరియా దివాలా అంచుకి వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీలు అప్పులు చేసి కూలిపోయాయి, విదేశీ మారకం అయిపోయింది. ఆ నవంబరులో ఐఎంఎఫ్ ముందు చెయ్యి చాపాల్సి వచ్చింది. ప్యాకేజీ మొత్తం 5,800 కోట్ల డాలర్ల దాకా. కొరియా వాళ్ళు ఆ రోజుల్ని ఇప్పటికీ "ఐఎంఎఫ్ కాలం" అనే అంటారు. మన దగ్గర పెద్దవాళ్ళు "ఆ తుఫాను వచ్చిన ఏడు" అంటారు చూడండి, అలాగ.

1998 జనవరిలో ఒక ఉద్యమం మొదలైంది. దేశం అప్పు తీర్చడానికి ఇంట్లో ఉన్న బంగారం ఇవ్వండి అని. జనం లైన్లలో నిలబడ్డారు. పెళ్ళి ఉంగరాలు ఇచ్చారు. అక్కడ బిడ్డ మొదటి పుట్టినరోజుకి చుట్టాలు బంగారు ఉంగరం పెట్టడం ఆచారం, అవీ ఇచ్చారు. ఆటగాళ్ళు పతకాలు ఇచ్చారు. దాదాపు 35 లక్షలమంది కలిసి 227 టన్నుల బంగారం ఇచ్చారు. మన ఇళ్ళలో అమ్మ మెడలో గొలుసు బయటికి రావాలంటే ఎంత కష్టం రావాలో మీకు తెలుసు. కాబట్టి ఆ లైన్ ఎంత పెద్ద విషయమో మీకు నేను చెప్పక్కర్లేదు. 2001 ఆగస్టుకి ఐఎంఎఫ్ అప్పు గడువుకి మూడేళ్ళ ముందే తీర్చేశారు.

ఇంతవరకు గొప్ప కథే. కానీ దీనికి రెండో సగం ఉంది. అప్పుతో పాటు షరతులు కూడా వచ్చాయి. 1998లో చట్టాలు మార్చి, ఉద్యోగుల్ని తీసేయడం సులువు చేశారు. ఏజెన్సీల ద్వారా మనుషుల్ని పనికి పెట్టుకోవడానికి దారి తెరిచారు. అంతకుముందు ఒక కంపెనీలో చేరితే రిటైరయ్యే దాకా అక్కడే అనుకునేవాళ్ళు. ఆ తర్వాత ఉద్యోగాలు రెండు రకాలయ్యాయి. ఒకటి పర్మినెంటు. రెండోది కాంట్రాక్టు, టెంపరరీ, ఏజెన్సీ. ఇరవై ఏళ్ళ తర్వాత చూసినా జీతగాళ్ళలో దాదాపు మూడో వంతు ఈ రెండో రకమే.

ఉంగరాలు ఇచ్చింది తల్లిదండ్రులు. ఆ షరతుల కింద పెరిగింది పిల్లలు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

ఇప్పుడు ఆ పిల్లలు తిట్టుకునే తరం ఎవరో చూద్దాం. దాని పేరు 386 తరం. పేరు సరదాగా పుట్టింది. ఇంటెల్ 386 కంప్యూటర్లు తెలుసు కదా, ఆ అంకెని వాడుకున్నారు. 90ల్లో ముప్ఫైల వయసులో ఉన్నవాళ్ళు, 80ల్లో కాలేజీ చదివినవాళ్ళు, 60ల్లో పుట్టినవాళ్ళు: 3, 8, 6. వీళ్ళు మామూలు వాళ్ళు కాదు. 1987 జూన్‌లో సైనిక పాలన మీద వీధుల్లోకి వచ్చి, అధ్యక్షుణ్ణి మేమే ఎన్నుకుంటామని సాధించుకున్నారు. లాఠీలు తిన్నారు, జైళ్ళకి వెళ్ళారు. తర్వాత వాళ్ళకి యాభై ఏళ్ళు వచ్చాయి, పేరు 586 అయింది. పార్లమెంటులో వాళ్ళే, మీడియాలో వాళ్ళే, కంపెనీల్లో పై కుర్చీల్లో వాళ్ళే.

వాళ్ళ పిల్లల తరం ఇంకో మాట పుట్టించింది. మనం డబ్బున్నవాడి కొడుకుని చూసి "వెండి చెంచా నోట్లో పెట్టుకుని పుట్టాడు" అంటాం. కొరియా యువత దాన్ని పొడిగించి, 2015 ప్రాంతంలో చెంచాలకి ర్యాంకులు పెట్టేసింది. బంగారు చెంచా, వెండి చెంచా, అన్నిటికన్నా కింద మట్టి చెంచా. నువ్వు ఎంత చదివినా, ఎంత కష్టపడినా, ఏ చెంచాతో పుట్టావో దాన్నిబట్టే నీ బతుకు అని ఆ మాటకి అర్థం.

2016 చివర్లో అప్పటి అధ్యక్షురాలు పార్క్ గున్-హే మీద కొవ్వొత్తుల ఉద్యమం జరిగింది. పెద్దా చిన్నా కలిసే నడిచారు. 2017 మే నెలలో మూన్ జే-ఇన్ గెలిచారు. న్యాయమైన దేశం తెస్తామన్నారు, యువత నమ్మింది. ఆ ప్రభుత్వంలో 586 తరం వాళ్ళు చాలామంది ఉన్నారు.

సరిగ్గా అదే ఏడాది క్రిప్టో కొరియాని ముంచెత్తింది. 2017 శీతాకాలంలో కాలేజీ కుర్రాళ్ళు, చిన్న ఉద్యోగులు, అందరి ఫోన్లలో అదే చార్టు. గిరాకీ ఎంతంటే, కొరియాలో బిట్‌కాయిన్ రేటు మిగతా ప్రపంచం కన్నా ఎక్కువ ఉండేది. ఒక దశలో ఆ తేడా 50 శాతం దాటింది. దానికి "కిమ్చీ ప్రీమియం" అని పేరు పెట్టారు. కిమ్చీ అంటే వాళ్ళ ఊరగాయ లెండి. ఎగబడ్డవాళ్ళ నినాదం "గజువా!" అంటే "పదండి పోదాం" అనే మాటని సాగదీసి అరవడం. రేటు పడినప్పుడు ఇంకో మాట ఉండేది, "జొన్‌బొ". ఏం జరిగినా పట్టుకుని కూర్చో, అమ్మకు అని. ఈ రెండు మాటల్నీ పక్కన పెట్టుకోండి. ఒకటి రమ్మంటుంది, ఒకటి వెళ్ళద్దంటుంది.

2018 జనవరి 11న న్యాయశాఖ మంత్రి పార్క్ సాంగ్-కి ఒక ప్రకటన చేశారు. క్రిప్టో ఎక్స్చేంజీల్ని మూసేయడానికి చట్టం తయారుచేస్తున్నాం అని. మార్కెట్ కుప్పకూలింది. అదే రోజు అధ్యక్ష భవనం "అది ఇంకా తుది నిర్ణయం కాదు" అంది. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట అన్నమాట. అప్పటికే అధ్యక్ష భవనానికి పెట్టిన ఒక పిటిషన్ మీద సంతకాలు పడుతున్నాయి, అవి కొన్ని రోజుల్లోనే 2 లక్షలు దాటాయి. దాని శీర్షికే ఒక ప్రశ్న. ఈ ప్రభుత్వం ఒక్కసారైనా జనాన్ని సంతోషంగా కల కననిచ్చిందా అని అడిగింది.

ఆ ప్రశ్నని కొట్టిపారేయకండి. ఎందుకంటే తర్వాతి నాలుగేళ్ళలో ఏం జరిగిందో చూడండి. సియోల్‌లో అపార్ట్‌మెంట్ ధరలు దాదాపు రెట్టింపయ్యాయి. ధరలు ఆపడానికి ప్రభుత్వం లోన్లు బిగించింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఫలితం ఏంటి? అప్పటికే ఇల్లు ఉన్నవాడి ఆస్తి పెరిగింది. ఇల్లు లేని కుర్రాడికి లోను దొరకదు. జీతం దాచుకుంటే అది ఇంటి ధర వెనకాల పరుగెత్తలేదు. ఇరవై ఏళ్ళ ముందు కొన్న తండ్రి ఏమీ చెయ్యకుండానే ధనవంతుడయ్యాడు, రోజంతా పనిచేసే కొడుకు ఏమీ కొనలేకపోయాడు. హైదరాబాదులో ఫ్లాటు వెతుక్కుంటున్న వాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

అంతటితో ఆగలేదు. 2021 మార్చిలో ఇంకో విషయం బయటపడింది. ప్రభుత్వ గృహనిర్మాణ, భూముల సంస్థ ఎల్‌హెచ్‌లో పనిచేసే ఉద్యోగులు, కొత్త టౌన్‌షిప్ రాబోయే చోట ముందే భూములు కొనుక్కున్నారని. దేశం భగ్గుమంది. కంచే చేను మేసింది.

ఆ తర్వాతి నెలలోనే, ఏప్రిల్ 22న, ఆర్థిక సేవల కమిషన్ చైర్మన్ ఉన్ సుంగ్-సూ పార్లమెంటులో మాట్లాడారు. ఆయన 1961లో పుట్టారు. క్రిప్టో గురించి అడిగితే ఆయన చెప్పింది ఏంటంటే, యువత తప్పుదారిలో వెళ్తుంటే అది తప్పని పెద్దవాళ్ళు చెప్పాలి అని. ఇంకా ఏమన్నారంటే, ఇందులో డబ్బు పెట్టినవాళ్ళని ప్రభుత్వం కాపాడదు, రిజిస్టర్ కాకపోతే సెప్టెంబరులో ఎక్స్చేంజీలన్నీ మూతపడచ్చు కూడా అని.

నిప్పు మీద నెయ్యి పోసినట్టయింది. ఆయన రాజీనామా చేయాలని పిటిషన్, కొద్దిరోజుల్లోనే లక్ష దాటిన సంతకాలు. ముప్ఫైల్లో ఉన్న ఒక ఉద్యోగినని చెప్పుకున్న మనిషి రాసిన పిటిషన్ అది. దాని సారం ఇది: మీ తరం ఇళ్ళ ధరలు పెంచుకుని సంపాదించుకుంది, మాకు నిచ్చెన తీసేసి ఇప్పుడు దారి గురించి నీతులు చెప్తోందా? పైగా క్రిప్టో లాభాల మీద పన్ను మాత్రం వేస్తారట, రక్షణ మాత్రం ఇవ్వరట, ఇదేం న్యాయం?

నిజాయితీగా చెప్పుకుందాం. ఈ కోపంలో సగానికి పైగా నిజం ఉంది. ఆస్తి కాదంటూ రక్షణ ఇవ్వకపోవడం, ఆస్తి అంటూ పన్ను వేయడం, రెండూ ఒకేసారి కుదరవు. మనకీ ఈ అనుభవం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మన దగ్గర క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై నుంచి లావాదేవీల మీద 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో నష్టం వస్తే ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోవడానికి కూడా లేదు. కాబట్టి కొరియా కుర్రాళ్ళు అడిగినది పిచ్చి ప్రశ్న కాదు.

2021 మొదటి మూడు నెలల్లోనే అక్కడి నాలుగు పెద్ద ఎక్స్చేంజీల్లో దాదాపు 25 లక్షలమంది కొత్తగా చేరారు. పదిమందిలో ఆరుగురికి పైగా ఇరవైలు, ముప్ఫైల వయసువాళ్ళు. అప్పట్లో ఇంకో మాట పుట్టింది, "యంగ్‌క్కుల్". ఉన్నదంతా, ఆఖరికి ఆత్మని కూడా ఊడ్చి పెట్టుబడి పెట్టడం అని అర్థం. మొదట ఇళ్ళ కోసం అన్నారు, తర్వాత కాయిన్లకీ అన్నారు.

ఇక్కడిదాకా ఇది "మేము, మీరు" కథ. యువత ఒక పక్క, పెద్దలు ఒక పక్క. ఇప్పుడు ఈ కథ విరిగిపోయే చోటుకి వద్దాం.

డో క్వాన్ అనే ఒక కొరియా కుర్రాడు. 1991లో పుట్టాడు, స్టాన్‌ఫోర్డ్‌లో చదివాడు. అంటే వాళ్ళ తరమే. టెర్రా అనే నెట్‌వర్క్ పెట్టాడు. అందులో రెండు కాయిన్లు. ఒకటి యూఎస్‌టీ, దాని విలువ ఎప్పుడూ ఒక డాలరే ఉండాలి. రెండోది లూనా. యూఎస్‌టీ వెనకాల బ్యాంకులో డాలర్లు లేవు. ఒక లెక్క మాత్రమే ఉంది. ఒక యూఎస్‌టీ ఇస్తే, ఒక డాలర్ విలువైన లూనా కొత్తగా పుట్టించి ఇస్తారు. యూఎస్‌టీని ఒక చోట దాచుకుంటే ఏడాదికి దాదాపు 20 శాతం వడ్డీ. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఉంటే మొదట అడిగే ప్రశ్న "ఆ వడ్డీ ఎక్కణ్ణుంచి వస్తోంది రా?" అని. 2021లో ఒక బ్రిటిష్ ఆర్థికవేత్త ఈ లెక్కని విమర్శిస్తే, డో క్వాన్ ట్విట్టర్‌లో ఏమన్నాడో తెలుసా? నేను పేదవాళ్ళతో వాదించను అన్నాడు.

మట్టి చెంచా అని తమని తాము పిలుచుకున్న పిల్లలు, ఆ మాట అన్నవాడి కాయిన్‌లో డబ్బు పెట్టారు.

2022 ఏప్రిల్‌లో లూనా 119 డాలర్ల దాకా వెళ్ళింది. మే రెండో వారంలో పెద్ద ఎత్తున యూఎస్‌టీ అమ్మకాలు మొదలయ్యాయి, డాలర్ నుంచి జారింది. జారేకొద్దీ జనం లూనాగా మార్చుకున్నారు. మార్చుకునేకొద్దీ కొత్త లూనా పుట్టింది. పుట్టేకొద్దీ లూనా రేటు పడింది. 35 కోట్ల చిల్లర ఉన్న లూనాలు కొద్దిరోజుల్లో 6.5 లక్షల కోట్లయ్యాయి. విలువ సున్నా. రెండు కాయిన్లూ కలిపి ఆవిరైంది దాదాపు 4,000 కోట్ల డాలర్లు. కొరియాలోనే సుమారు 2 లక్షల 80 వేలమంది దగ్గర లూనా ఉంది.

డో క్వాన్‌ని 2023 మార్చిలో మాంటెనెగ్రోలో దొంగ పాస్‌పోర్టుతో పట్టుకున్నారు. 2024 ఆఖరి రోజున అమెరికాకి అప్పగించారు. 2025 ఆగస్టులో అక్కడి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ పిల్లల డబ్బు ఎవరి వల్ల పోయింది? 586 తరం వల్లా? ఇళ్ళు దొరక్కుండా చేసింది పెద్దల విధానాలే, నిజం. కానీ ఆ నిస్పృహని సరుకుగా మార్చి అమ్మింది సొంత తరంవాడే. పెనం మీద కూర్చోబెట్టింది ఒకరు, పొయ్యిలోకి పిలిచింది ఇంకొకరు.

ఇక్కడే "మనమంతా ఒకటి" అనే మాటని జాగ్రత్తగా చూడాలి. పిటిషన్ మీద 2 లక్షలమంది సంతకం పెడితే, మొదటి సంతకానికీ చివరి సంతకానికీ ఒకే బలం. చివర్లో వచ్చినవాడు ముందు వచ్చినవాడికి డబ్బు కట్టడు. అది ఐకమత్యం. కాయిన్‌లో అలా కాదు. నేను లాభంతో బయటపడాలంటే నా తర్వాత ఎవరో ఎక్కువ రేటుకి కొనాలి. అందుకే "గజువా" అని పిలిచే గొంతు కావాలి, "జొన్‌బొ" అని ఆపే గొంతు కావాలి. అరిచేవాళ్ళందరూ మోసగాళ్ళని నేననట్లేదు. చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే అరిచారు, వాళ్ళే ఎక్కువ పోగొట్టుకున్నారు కూడా. నేననేది ఒక్కటే. నువ్వు అమ్మకుండా ఉంటేనే నా డబ్బు నిలబడుతుంది అన్నప్పుడు, "అమ్మకు తమ్ముడూ" అనే సలహాలో ప్రేమ ఎంతో, అవసరం ఎంతో, చెప్పేవాడికే తెలీదు.

ఇంకో సంగతి. తర్వాత కొరియా ప్రభుత్వం లెక్కలు తీస్తే, క్రిప్టోలో ముప్ఫైల వాళ్ళ తర్వాత ఎక్కువమంది ఉన్నది నలభైల వాళ్ళే. అంటే "మీరు" అని వేలు చూపించిన వైపు నుంచి కూడా జనం నిశ్శబ్దంగా వచ్చి అదే బండి ఎక్కారు. తరాల గోడ అనుకున్నంత గట్టిది కాదు.

మరి ఆ కోపం అంతా వృథా అయిందా? లేదు. 2022 మార్చి అధ్యక్ష ఎన్నికల్లో రెండు ప్రధాన పార్టీల అభ్యర్థులూ క్రిప్టో యువత ఓట్ల కోసం పోటీపడ్డారు. గెలుపోటముల తేడా ఒక్క శాతం కూడా లేదు. 2022లో మొదలవ్వాల్సిన పన్ను 2023కి, తర్వాత 2025కి, ఆ తర్వాత 2027కి వాయిదా పడింది. పన్ను వాయిదా వెయ్యడం ఏ నాయకుడికైనా సులువు. అసలు పని ఇంకొకటి ఉంది. లూనా కూలాక, 2023 జూన్‌లో వినియోగదారుల రక్షణ చట్టం పాసైంది, 2024 జులైలో అమల్లోకి వచ్చింది. కస్టమర్ డబ్బు వేరుగా ఉంచాలి, రేట్లు తారుమారు చేస్తే శిక్ష. 2021లో "కాపాడం" అన్న ప్రభుత్వ వ్యవస్థే చివరికి కాపాడే చట్టం తెచ్చింది. కాకపోతే లక్షలమంది మునిగాక తెచ్చింది.

ఇప్పుడు మళ్ళీ ఉంగరాల దగ్గరికి వద్దాం. 1998లో లైన్లో నిలబడ్డ తల్లి అనుకుంది, ఈ ఉంగరం ఇస్తే నా బిడ్డ బతుకు బాగుంటుంది అని. ఆ బంగారంతో దేశం నిలబడింది, కానీ అదే ఒడ్డున బిడ్డ ఉద్యోగం కాంట్రాక్టు అయిపోయింది. అప్పులు చేసి కూలిపోయిన పెద్ద కంపెనీల బరువు మోసింది ఆ తల్లీ, ఈ బిడ్డా కూడా. ఒకే దెబ్బ తిన్న ఇద్దరూ ఇరవై ఏళ్ళ తర్వాత ఒకర్నొకరు చూసి "నీ వల్లే" అనుకున్నారు. తల్లి దృష్టిలో బిడ్డ జూదగాడు, బిడ్డ దృష్టిలో తల్లి నిచ్చెన తీసేసిన మనిషి. సియోల్‌లో ఇల్లు లేని యాభై ఏళ్ళ మనిషి కూడా ఉన్నాడు, తాత రాసిచ్చిన ఇల్లున్న పాతికేళ్ళ కుర్రాడూ ఉన్నాడు. గీత వయసు దగ్గర గీస్తే ఈ ఇద్దరూ కనపడరు.

మన ఇళ్ళలో కూడా ఈ మాటలు నడుస్తూనే ఉన్నాయి. "అప్పుడే అక్కడ ఒక ప్లాటు కొనుంటే" అని నాన్న, "మీరు కొనలేదు కాబట్టే నేను ఇది ట్రై చేస్తున్నా" అని కొడుకు. ఈసారి ఆ వాదన వస్తే ఒక పని చేయండి. ఎవరి తప్పు అని అడిగే ముందు, ఇద్దరూ కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: ఈ లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? ప్లాటుకైనా, కాయిన్‌కైనా, 20 శాతం వడ్డీకైనా అదే ప్రశ్న. జవాబు దొరక్కపోతే, ఆ జేబు మీదే కావచ్చు.

మీ ఇంట్లో ఈ గొడవ జరిగిందా? ఎవరు ఏమన్నారో కామెంట్లలో రాయండి. నాన్నగారి వైపు మాట కూడా రాయండి, మీ వైపుది ఒక్కటే కాకుండా. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.